పదకొండు పీలికలు

నేను దర్జీని.
చేపలు ఎండేసే మంచెల పక్కన, కొట్టు వసారాలో నా మిషన్.
సరస్సు మీద గాలి తిరిగిందంటే
గుడ్డతో పాటు నీచువాసనా కుట్లలో పడుతుంది.
గుడ్డ సంగతి నాకు తెలుసు, యుద్ధం సంగతి తెలీదు.
కాబట్టి గుడ్డ సంగతే చెప్తాను.

మా తాత సైతీ బర్మా నించి తెచ్చుకున్నది
ఒక కంబళి. బూడిదరంగు, ముతక.
ఒక అంచు పొడుగునా ఎర్రదారంతో
బెత్తెడేసి అంకెలు, అయిదు.
సైన్యం ఆయనకి పెట్టిన పేరు అది.

మా చిలోంబే నించి పదకొండు మంది వెళ్లారు.
మొక్కజొన్న పాలుపట్టే రోజుల్లో లారీ వచ్చింది.
ఎవరి మీద యుద్ధం అంటే
గుమాస్తా "జపాన్" అన్నాడట.
"అది ఊరా, చేపా?" అన్నాడట లికోంగ్వే.
లారీ అంతా నవ్వింది.
ఆ నవ్వు దాకా అందరూ ఉన్నారు.

తిరిగొచ్చింది అయిదుగురు.

తాత పెద్దగా ఏమీ చెప్పలేదు.
వాన అన్నాడు. జలగలన్నాడు.
శత్రువుకి వినపడకుండా గొంతునరం కోసేసిన
కంచరగాడిదలన్నాడు:
నోరు బార్లా తెరిచేవి, లోపల్నించి గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు.
"ఈయనా అంతే," అనేది నాన్నమ్మ
గిన్నె ముందుకి తోస్తూ.

వచ్చిన ఏడు, మంచు దిగే నెలలో
చేపలు కోసే కత్తి అరువు తెచ్చి
కంబళిని పదకొండుగా కోశాడు.
కొలత లేదు, గీత లేదు.
(దర్జీగా నాకిది ఇప్పటికీ బాధే.)
రాని ఆరుగురి ఇళ్లకి ముందు పంచాడు,
ఏ గుమ్మంలోనూ కూర్చోకుండా.

లికోంగ్వే తల్లి అజీదాకి ఉత్త పీలిక వచ్చింది.
తెల్లారకముందే మా వాకిట్లో నిలబడింది.
"సైతీ, అంకె ఉన్నది ఇవ్వు నాకు.
నా కొడుకుని ఒకరైనా
లెక్కపెట్టినట్టు ఉంటుంది."
తన వాటాకి వచ్చిన ఏడుని
తాత ఆమె చేతిలో పెట్టాడు.
అందుకే మా ఇంట్లో ఉన్నది ఉత్త బూడిదరంగు.

పోయిన నవంబరు ముందు పెద్దమనుషులు వచ్చారు.
పట్నంలో స్తంభం ఉంది, రాగిరేకు ఉంది,
దాని మీద మనవాళ్లు లేరు.
పీలికలన్నీ కలిపి కుట్టు,
జెండాలా పట్టుకెళ్దాం అన్నారు.
సరే అన్నాను. దారం కూడా కొన్నాను,
మంచి రకం, అప్పు మీద.

ఇల్లిల్లూ తిరిగాను.
ఒకటి మసిగుడ్డ, పొయ్యి మీంచి అంబలికుండ దించడానికి.
దాన్ని అడిగితే ఆ పిల్ల
"మరి కుండ?" అంది.
ఒకటి చింబలంగాతో పాటే మట్టిలోకి వెళ్లింది.
రెండు చెదలు తిన్నాయి. ఒకటి మేకపిల్ల మెడకి.
ఒకటి ఎవరో అమ్ముకున్నారు, పేరు చెప్పను,
ఆ ఏడు కరువు.
ఒకావిడ తలుపే తియ్యలేదు. లోపల్నించి
"మావాడి మీద సూది పెట్టనివ్వను," అంది.

అజీదా ఏడు ఎక్కడుందో
చివరికి ఆమె మనవడు త్వయిబు చూపించాడు.
పడవ అడుగున, పలకల సందులో,
జిగురుతో కూరి ఉంది.
ఎర్రదారం నల్లబడింది గానీ
వేలు పెడితే అంకె తగిలింది.
"లాగితే నీళ్లొస్తాయి," అన్నాడు.
నా చేతిలో కత్తెర ఉంది.
జేబులో పెట్టుకున్నాను.

పెద్దమనుషులకి కుదర్లేదని చెప్పాను.
వాళ్లు కొత్తగుడ్డ కొని, పేర్లు రాయించి తీసుకెళ్లారు.
బాగానే ఉంది, రెండు పేర్లు తప్పుపోయాయి.
దారం అప్పు ఇంకా తీరలేదు.

చీకటి పడితే పడవలు దీపాలతో లోపలికి పోతాయి.
వాటిలో త్వయిబుది ఏదో వసారాలోంచి తెలీదు.
అయినా చూస్తాను.
కొంచెం నీరు ఊరుతూనే ఉంటుందట,
రాత్రంతా ఒకడు డబ్బాతో తోడుతూ ఉండాలట.